కంపచెట్లలో పారేసిన పైపు

నా తెలివితక్కువతనం గురించి ముందే చెప్పేస్తాను. ఈ విషయంలో నాతో పోటీకి ఎవరూ రారన్న ధైర్యంతోనే చెబుతున్నాను. దారిలో బండి చెడిపోతే, పాడైన సామానును ఎవరైనా జాగ్రత్తగా దాచుకుంటారు. అంగడికి తీసుకుపోయి "ఇట్లాంటిదే ఇంకొకటి ఇవ్వప్పా" అని అడగడానికి. నేను దాన్ని గిరగిరా తిప్పి కంపచెట్లలోకి విసిరేశాను. ఆ తరువాత కడపలో అంగడి అంగడికీ తిరిగి అట్లాంటిదే కావాలన్నాను. "ఎట్లాంటిది సార్?" అని అడిగినవాళ్ళకు గాలిలో చేతులతో బొమ్మ గీసి చూపించాను.

ఎందుకు విసిరేశానో తెలియాలంటే నా కారు గురించి చెప్పాలి. అంటే దాని గురించి నిజం చెప్పాలి. నాకు అంతగా అలవాటు లేని పని.

నేను కర్నూలులో కాలేజీ పిల్లలకు చరిత్ర పాఠాలు చెబుతాను. పాతవన్నీ నాకు ప్రీతి. ఆ ప్రీతితోనే, మా ఊళ్ళో ఒక ముసలి డాక్టరుగారి షెడ్డులో దుమ్ము కప్పుకుని పడుకున్న ఎర్రటి స్పోర్ట్స్ కారును కొన్నాను. రెండే తలుపులు. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి పడేయొచ్చు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక ఇద్దరు ఒదగవచ్చు. ఎప్పుడో సముద్రం దాటి వచ్చిన బండి. దాని సొంత ఇంజను చచ్చిపోయి చాలాకాలమైంది. విడిభాగాలు దొరక్క డాక్టరుగారు అందులో జీపు డీజిల్ ఇంజను పెట్టించారు. "గుండె మార్పిడి చేశానయ్యా. ఆపరేషన్ సక్సెస్. పేషెంటు మాత్రం కొంచెం గట్టిగా దగ్గుతుంది" అన్నారు తాళాలు ఇస్తూ.

ఈ గుండె మార్పిడి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కొత్తగా ఆ కారులో కడపలోని అత్తగారింటికి పోయినప్పుడు మా బావ, అంటే నా భార్య అన్న, దాని చుట్టూ తిరిగి చూసి అడిగాడు.

"ఇంజను దీనిదేనా బావా?"

"కంపెనీ ఇంజనే. ఒక్క బోల్టు కూడా మార్చలేదు."

"సౌండు రవ్వంత మోటుగా ఉండాదే?"

"రేసు బండ్ల గొంతు అట్లాగే ఉంటుంది బావా."

బావ తల ఊపాడు. మా అత్త తల ఊపింది. అరుగు మీద కూర్చున్న చుట్టాలందరూ తల ఊపారు. ఆ ఊపులో నేను మరింత ఊపు అందుకుని, పోయినప్పుడల్లా వాళ్ళకు రేసుల చరిత్ర, ఇంజన్ల చరిత్ర, ఆ కంపెనీ పుట్టు పూర్వోత్తరాలు విస్తరాకు ముందు కూర్చునే చెప్పేవాణ్ణి. అందరూ వినేవాళ్ళు, తలలు ఊపేవాళ్ళు. తరగతిలో ఇన్నేళ్ళు పాఠం చెప్పినవాడికి, తల ఊపడమంటే నమ్మడం కాదని తెలిసి ఉండాల్సింది.

ఈమధ్య బావ కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది రాయచోటి. ఆ పిల్ల ఫోన్ చేసి, "మామా, నా మెరవణికి నీ ఎర్ర కారే కావాల. మా నాయనేమో తన పెద్ద బండికి పూలు కట్టిస్తానంటాండాడు. అట్లాంటిది ఈదికొకటి ఉండాది. నాకొద్దు. నువ్వే తోలాల, నేను నీ కారులోనే కూచోవాల" అంది. మెరవణి అంటే పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునూ ఊరంతా చూసేట్టు బ్యాండుతో వీధుల్లో ఊరేగించడం. నన్ను నమ్మి ఒక కోరిక కోరిన మనిషి ఆ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే. సరేనన్నాను.

నా భార్య పెళ్ళిపనులకని ముందుగానే బస్సులో పోయింది. "నాతో కారులో వద్దువులే" అంటే, "నాకు పెళ్ళి చూడాలని ఉంది" అంది.

ఆమె అన్నంతా అయింది. మెరవణికి ముందురోజు, మైదుకూరు దాటిన తరువాత, మిట్టమధ్యాహ్నం ఎండలో కారు ముందు భాగం నుంచి ఆవిరి లేచింది. రేడియేటరుకు రెండు పైపులు ఉంటాయి. కింది పైపు చల్లారిన నీళ్ళను ఇంజనుకు ఇస్తుంది. పై పైపు కాగిన నీళ్ళను రేడియేటరుకు తెస్తుంది. నాకు పగిలింది పైది. పైపై మాటలతో నెట్టుకొచ్చేవాడికి పై పైపే పగలడం న్యాయంగానే ఉంది.

బావకు ఫోన్ చేశాను. ఆయన మంగంపేట గనుల నుంచి తెల్లటి ముగ్గురాయి తోలే సొంత లారీలు నడుపుతాడు. "కదలకుండా ఆడ్నే ఉండు, లారీ తీసుకోని వచ్చాండా" అన్నాడు. కదిలే స్థితిలో కారూ లేదు, నేనూ లేను.

ఇంజను చల్లారాక, ఊరికే ఉండలేక పైపు విప్పాను. మొదట రెండు క్లిప్పులూ వదులు చేసి తీసి, దొర్లిపోకుండా మడ్‌గార్డు మీద పక్కపక్కన పెట్టాను. పైపు మీద చుట్టిన నల్లటి టేపు ఊడదీశాను. చూస్తే అది ఒక పైపు కాదు, రెండు పైపుల కాపురం. రేడియేటరు వైపు సన్నపాటిది, కారు సొంతది. ఇంజను వైపు లావుపాటిది, గరుకు గరుకుగా, అచ్చంగా జీపుది. రెండింటికీ మధ్యలో ఒక పక్క సన్నం, ఒక పక్క లావు ఉన్న ఇనుప గొట్టం. పగిలింది జీపు ముక్క.

మా అత్తగారింటి పెరట్లో రేకుల షెడ్డు కింద ఒక పాత జీపు ఉంటుంది. పోయిన మా మామ నడిపింది. బావ దాంట్లోనే డ్రైవింగు నేర్చుకున్నాడు. మసీ జిడ్డూ పట్టిన ఇంజనును పోల్చుకోకపోయినా, ఆ ముక్క చూశాడంటే దాని కులగోత్రాలు ఇట్టే చెప్పేస్తాడు. రోడ్డు అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. దూరంగా ఒక లారీ చుక్కలా కనిపిస్తోంది. సాక్ష్యాన్ని కంపచెట్లలోకి విసిరేశాను.

చుక్కలా కనిపించిందే బావ లారీ. ఆయన దిగి, బానెట్‌లోకి తొంగి చూశాడు.

"పాత పైపు యాడుండాది బావా? శాంపిల్ లేకుంటే అంగట్లో ఏం చూపిచ్చాం?"

"పగిలినప్పుడు ఎటో ఎగిరిపోయినట్టుంది."

"ఎగిరిపోయిందా?"

"ఊఁ."

బావ మడ్‌గార్డు మీద వరసగా ఉన్న క్లిప్పుల్ని చూశాడు. "క్లిప్పులు మాత్రం విప్పి ఈడ సర్దిపెట్టి ఎగిరిపోయింది. పద్ధతి గల పైపు" అన్నాడు.

కారును లారీకి తాడుతో కట్టారు. బావ నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, "ముందుకే చూడు, తాడు మీద్నే కన్నుండాల" అని చెప్పి వెనక్కి పోయాడు. లారీ క్లీనరుతో ఏదో గుసగుసలాడాడు. నేను తాడునే చూస్తూ కూర్చున్నాను. లారీ మీది ముగ్గురాయి పొడి దారి పొడుగునా నా మీద రాలింది. కడపలోకి నేనూ నా ఎర్ర కారూ తెల్లబోయి ప్రవేశించాం.

పెళ్ళింటి ముందు తాడు విప్పుతుంటే పెళ్ళికూతురు మిద్దె మీద నుంచి కేకేసింది. "మామా, రేపటికి అయితాదా?"

"ఒక్క పైపేనమ్మా. ఇప్పుడే పోయి తెస్తా" అన్నాను. ఒక్కణ్ణే పోయి, అంగడివానికి చెవిలో జీపు ఇంజనని చెప్పి, పైపు పట్టుకొస్తే అయిపోయేది. కానీ మా అత్తగారింట్లో అల్లుణ్ణి ఒంటరిగా గడప దాటనివ్వరు. పెళ్ళయి ఎన్నేళ్ళయినా అల్లుడు అల్లుడే. అంగడికి పోతే పక్కన మనిషి ఉండాలి, చేతిలో సంచి ఉండకూడదు. నేను చెప్పుల్లో కాలు పెట్టీ పెట్టకముందే మా అత్త గొంతు వినిపించింది.

"ఒరేయ్ పెద్దోడా, బావ పోతాండాడు చూడు. కూడా పో."

బావ కూడా వచ్చాడు. మొదటి అంగడి ఒక భాయ్‌ది. పైకప్పు నిండా రేడియేటరు పైపులు, పందిరికి పొట్లకాయల్లా వేలాడుతున్నాయి.

"ఏ బండికి అన్నా?" అన్నాడు భాయ్.

నేను కారు పేరు చెప్పాను. భాయ్ కళ్ళు పెద్దవి చేసి, "ఆ బండి మన కడపలో ఉందా! ఇంజను దాందేనా?" అన్నాడు.

నేను గొంతు సవరించుకునే లోపల బావ అందుకున్నాడు. "కంపెనీ ఇంజనే భాయ్. ఒక్క బోల్టు కూడా మార్చలా."

నా మాటే. అక్షరం పొల్లుపోకుండా.

ఇక నేను గాలిలో బొమ్మ గీశాను. ఇటు సన్నం, అటు లావు, మధ్యలో వంకర. భాయ్ కర్రతో ఒక్కో పైపే దించి ఇచ్చాడు. సన్నవైపు కుదిరినట్టుంటే లావువైపు కుదరదు. లావువైపు కుదిరిందనుకుంటే సన్నవైపు నోరు తెరుచుకుంటుంది. చివరికి భాయ్ కర్ర పక్కన పెట్టి, "సార్, ఇంజను మార్చిన బండ్లకే ఇట్లాంటి తిక్క పైపు కావాల్సి వస్తాది. యాదికి తెచ్చుకోండి, ఎవురన్నా మార్చినారేమో?" అన్నాడు.

అంగట్లో ఉన్న అందరికంటే బావ నా వైపు ఎక్కువ శ్రద్ధగా చూశాడు. చెప్పేయాల్సిన క్షణం అదే. నోరు తెరిచాను కూడా.

"లేదు" అన్నాను.

బావ పైకి చూసి పైపుల్ని లెక్కపెడుతున్నట్టు నటించాడు. "అంతేలే భాయ్. మా బావ చెప్పినాడంటే అంతే" అన్నాడు. అక్కడినుంచి ఇంకో అంగడికి పోయాం. దాని పక్కదానికీ పోయాం. ప్రతిచోటా నేను గాలిలో అదే బొమ్మ గీశాను. ఎదురుగా టీ తాగుతున్నవాళ్ళు నేనేదో నాట్యం నేర్పుతున్నానని అనుకున్నట్టుంది.

మరునాడు పొద్దున ఒంటరిగా జారుకోవాలని ప్రయత్నించాను. గడ్డం గీయించుకొస్తానని బయలుదేరితే బావ కూడా వచ్చి పక్క కుర్చీలో కూర్చుని గీయించుకున్నాడు. అట్లా నడిచి వస్తానంటే, "నడుద్దాం పద బావా" అని వెంట వచ్చి, సరిగ్గా స్పేర్ పార్టుల అంగళ్ళ వీధిలోకే నడిపించాడు. పోనీ డాక్టరుగారికి ఫోన్ చేసి ఆ పైపు అప్పట్లో ఎక్కడ చేయించారో కనుక్కుందామంటే ఆయనకు చెవుడు. "జీపు ఇంజను" అని ఊరంతా వినిపించేట్టు అరవాలి. మామిడాకులు కడుతున్న చుట్టాల మధ్య అంత గొంతు నాకు పెగల్లేదు. మళ్ళీ గడ్డమే అంటే బావ నా చెంపల కేసి చూసి, "ఇంకేం మిగిలిందని బావా?" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకు బావ పెద్ద బండిని ఇంటి ముందు కడిగించడం మొదలుపెట్టారు. పక్కనే బంతిపూల బుట్టలు. నా కారు ముగ్గురాయి పొడితో, నోరు తెరిచి, ఒక మూల నిలబడి ఉంది. మిద్దె మీద నుంచి పెళ్ళికూతురు ఆ బుట్టల్నీ నా కారునూ మార్చి మార్చి చూసింది. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం నేను తట్టుకోలేకపోయాను.

లోపలి గదికి పోయాను. ఆ పిల్ల గోరింటాకు ఆరబెట్టుకుంటూ రెండు చేతులూ పైకెత్తి కూర్చుని ఉంది.

"అమ్మా, కారు ఈ పూటకు బాగయ్యేట్టు లేదు. నా తప్పే. అందులో ఉండేది కంపెనీ ఇంజను కాదు, జీపు ఇంజను. ఆ మాట అంగట్లో చెప్పలేక నీ మెరవణి పాడుచేశాను. మీ నాయన బండిలోనే పో."

ఆ పిల్ల గోరింటాకు చెదిరిపోకుండా చేతులు ఇంకా పైకెత్తి పడిపడి నవ్వింది.

"మామా, అది మాకు మొదట్నుంచీ తెలుసు."

"మాకు అంటే?"

"అందరికీ. నువ్వు ఫస్టు ఆ కారులో వచ్చిన దినం అవ్వ వంటింట్లో ఉండాది. సౌండు విని 'మన జీపు ఎవుర్రా తీసింది' అని గంటె పట్టుకోనే బయటికి పరిగెత్తినాది. చూచ్చే నువ్వు!"

"మరి ఎవరూ ఒక్కమాట అనలేదే?"

"ఎట్లంటారు మామా? ఇంటల్లునివి. నువ్వు కంపెనీ ఇంజనంటే కంపెనీ ఇంజనే."

నేను అక్కడే ఒక బియ్యం బస్తా మీద కూర్చుండిపోయాను. ఆ అరుగు మీద చెప్పిన రేసుల చరిత్ర అంతా గుర్తుకు వచ్చింది. విస్తరాకు ముందు చేతులు ఊపుతూ చెప్పిన ఇంజన్ల చరిత్ర గుర్తుకు వచ్చింది. అన్నం చల్లారిపోతున్నా మా అత్త వినేది. పనులకు పోవలసిన చుట్టాలు ఆగి వినేవాళ్ళు. ఇన్నాళ్ళూ ఇల్లు ఇల్లంతా నా అబద్ధానికి మర్యాద చేసింది, పీట వేసి, నెయ్యి వడ్డించి. నిన్నటి లారీ ఆ క్షణాన వచ్చి ఉంటే దాని తాడుకు నన్నే కట్టమని అడిగేవాణ్ణి.

గడపలో ఎవరో నవ్వారు. బావ. చేతిలో పాత న్యూస్‌పేపరు పొట్లం. విప్పి చూపించాడు. ఇటు సన్నం, అటు లావు, మధ్యలో ఇనుప గొట్టం.

"ఇది నీదే గదా బావా? ఎగిరిపోయింది?"

నేను ఆ ముక్కను అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాను.

"లారీ క్యాబిన్ శానా ఎత్తు బావా. మైదుకూరు రోడ్డు శానా నేరు, వంకరే లేదు. మా లెక్చరర్ సారు కంపచెట్ల మీదికి ఈటె ఏస్తాండాడే, ఆటల్లో ఎప్పుడు చేరినాడబ్బా అనుకొంటి. నువ్వు తాడు చూచ్చాంటే మా క్లీనరు పోయి తెచ్చినాడు. వాని చేతికి ముండ్లు గీరుకున్యాయి, సారీ చెప్పు."

"నిన్ననే ఇచ్చుండొచ్చు కదా! అంగళ్ళన్నీ ఎందుకు తిప్పినావు?"

"నువ్వు చెప్తావేమోనని. అల్లునితో మేం అనగూడదు, నువ్వు అనొచ్చు. భాయ్ అడిగినప్పుడు నీ నోటికల్లే చూచ్చాంటి. ఇంగ వచ్చినాదిరా మాట అనుకొంటి. గుటుక్కున మింగితివి." అంటూ నా భుజం మీద చెయ్యేశాడు. "నా బిడ్డ మెరవణికి నేనే అడ్డం పడతానా? లెయ్యి. జీపు పైపు ఇప్పుదాం."

పెరట్లో మామ జీపు బానెట్ ఎత్తాం. దాని పై పైపు, అచ్చంగా అదే లావు. కావలసినంత ముక్క కోసి, ఇనుప గొట్టానికి తొడిగి, క్లిప్పులు బిగించి నీళ్ళు పోశాం. తాళం తిప్పగానే కారు డాక్టరుగారు చెప్పిన దగ్గు దగ్గింది. వంటింట్లో నుంచి మా అత్త గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"ఈ సౌండు వినబడినప్పుడల్లా మీ మామ వచ్చినట్టే ఉంటాది నాయనా" అంది. "రేసు బండిదంటివి. ఏదైతేనేంలే."

ఆ మాటతో, అప్పటికి నాలో మిగిలి ఉన్న కాస్త పొగరూ ఆవిరైపోయింది.

అంతటితో నా సిగ్గు ముగిసి ఉంటే బాగుండేది. కానీ నేనే చెప్పేశాను కనుక బావకు ఇక అడ్డు లేదు. రాయచోటి నుంచి వచ్చిన మగపెళ్ళివాళ్ళకు కాఫీలతో పాటు నా కథ కూడా అందించాడు. "మా బావ కారప్పా. కంపెనీ ఇంజనే. ఏ కంపెనీదో మాత్రం అడగాకండి" అన్నాడు. సాయంత్రానికి వంటవాళ్ళు కూడా నన్ను 'డీజిల్ అల్లుడు' అని పిలుస్తున్నారు. "డీజిల్ అల్లునికి ఇంగో గంటెడు పాయసం పొయ్యండి, ట్యాంకు ఖాళీగా ఉండాది" అని పందిట్లో కేక కూడా వినిపించింది. గొంతు బావదే. నేను తల వంచుకుని తాగాను.

పొద్దు వాలుతుండగా కారు కడిగి, పూలు కట్టి, పైకప్పు మడిచారు. వెనక సీటులో పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు కూర్చున్నారు. పట్టుపంచె, కండువా, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని బావ వచ్చి నా పక్క సీటు తలుపు తీశాడు. ఆ సీటులో కూర్చుని ఊరంతా చూసేట్టు పోవాలని ఆయనకు ఎంత కోరిక ఉందో ఆ కళ్ళద్దాలే చెబుతున్నాయి.

నేను ఇంజను వేడి చూపే మీటరులో సూదిని చూశాను. కింద, చల్లగా నిద్రపోతోంది.

"బావా, ఒక మాట" అన్నాను బాధగా. "మెరవణి నిదానంగా పోతుంది, ఇంజనుకు గాలి తగలదు. పైపేమో ఇప్పుడే వేశాం. ఎవరైనా నీళ్ళ క్యాను పట్టుకుని పక్కనే నడవాలి."

"ఎవునికన్నా చెప్తా."

"ఎవరికో ఏం తెలుస్తుంది బావా? జీపు ఇంజను సంగతి ఈ ఇంట్లో నీకంటే తెలిసినవాళ్ళు ఎవరు? వద్దులే, నువ్వు తోలు. క్యాను నేనే మోస్తా." అని తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను.

నేననుకున్న గొంతు అరుగు మీద నుంచి సరిగ్గా అప్పుడే వినిపించింది. "అల్లుడు క్యాను మోసేదేందిరా పెద్దోడా? నలుగురూ చూడరా? నువ్వు పట్టుకో!"

బావ నా మొహంలోకి చూశాడు. నేను కాలు లోపలికి తీసుకున్నాను.

బ్యాండు మొదలైంది. కడప వీధుల్లో నా కారు నత్తలా కదిలింది. దాని పక్కన, పట్టుపంచె తడుస్తుంటే, నీలం రంగు నీళ్ళ క్యాను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ లారీల యజమాని నడిచాడు. స్పేర్ పార్టుల అంగళ్ళ వీధిలో భాయ్ బయటికి వచ్చి, "ఏమన్నా, ఎప్పుడు క్లీనరైతివి?" అన్నాడు. ప్రతి మలుపులోనూ బావ నా వైపు వంగాడు.

"ఎంతుండాది బావా?"

"పైకే పోతాంది. దూరం జరగాకు."

వెనక సీటులోంచి పెళ్ళికూతురు ముందుకు వంగి సూదిని చూసింది. అది కదల్లేదు. అద్దంలో నన్ను చూసింది. ఏమీ అనలేదు. ఇంటల్లుణ్ణి కదా.